పంట్లాం పైకి లాక్కోమన్న కోచ్

ఎడిసన్, న్యూజెర్సీ

చిన్నూ, బుజ్జీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ముందు ఎవరు చదవాలని కొట్టుకోకండి. చిన్నూ పైకి చదువుతాడు, బుజ్జి వింటుంది.

మొన్న వీడియో కాల్‌లో మీ బావ చేతికున్న తోలు గ్లవ్ చూసి "బావ ఒక్క చేతికే కీపర్ గ్లవ్ వేసుకున్నాడేంటి తాతయ్యా?" అని అడిగారు కదా. బేస్‌బాల్‌లో ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందికీ తలా ఒక గ్లవ్ ఉంటుంది. వచ్చిన కొత్తలో నాకూ ఇది చేతకానివాళ్ల క్రికెట్‌లాగే అనిపించింది. ఒట్టి చేతుల్తో క్యాచ్ పట్టే మనవాళ్ల ముందు వీళ్లెంత అని మీ అత్తయ్యతో వాదించాను కూడా. రెండు నెలలు బావ ఆట చూశాక నా గొంతు కాస్త తగ్గింది.

మైదానం వెనక భాగమంతా ముగ్గురిది. వాళ్లను ఔట్‌ఫీల్డర్లు అంటారు. నడిమివాడు సెంటర్ ఫీల్డర్. మన లాంగాన్, లాంగాఫ్ ఇద్దరూ చేసే పని వాడొక్కడే చెయ్యాలి. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినగానే అది ఎక్కడ పడుతుందో ఊహించి పరుగు తీస్తాడు. ఆ చోట ఆడినవాళ్లలో ఇక్కడి పెద్దవాళ్లు ముందుగా చెప్పే పేరు విల్లీ మేస్. 660 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. 2024లో 93 ఏళ్ల వయసులో పోయాడు. ఆ గొప్పంతా మీరు ఫోన్లో చూసుకోవచ్చు. నేను చెప్పేది అతని మొదటి రోజుల సంగతి.

అలబామా రాష్ట్రంలో 1931లో పుట్టాడు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ టీముకు ఆడేవాడు. పిల్లిలా చురుగ్గా కదులుతాడని ఆయన్ని అందరూ 'క్యాట్' అనేవారు. అప్పట్లో అక్కడ నల్లవాళ్లకు బడి వేరు, బస్సులో సీటు వేరు, ఆడుకునే లీగ్ కూడా వేరు. విల్లీ హైస్కూల్లో ఉండగానే, 1948లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బ్యారన్స్ అనే నల్లవాళ్ల ప్రొఫెషనల్ టీములో చేరాడు. తోటి ఆటగాళ్లంతా పెద్దవాళ్లు. బడి ఉన్నన్నాళ్లూ వారాంతాల్లో ఆట, సెలవులిస్తే టీముతో పాటు బస్సులో ఊళ్లు తిరగడం.

1950లో హైస్కూల్ అయిపోగానే న్యూయార్క్ జెయింట్స్ అనే పెద్ద టీము వాళ్లు తీసుకుని, ముందు ట్రెంటన్‌లోని చిన్న టీముకు పంపారు. ఆ ఊరు మీ అత్తయ్య ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు. టీములో నల్లవాడు అతనొక్కడే. మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్‌కు మ్యాచ్‌కు వెళ్తే ప్రేక్షకులు నోటికొచ్చినట్టు తిట్టారు. టీము దిగిన హోటల్లో గది ఇవ్వలేదు, ఊళ్లో ఇంకెక్కడో పడుకోమన్నారు. ఆ రాత్రి తెల్లవాళ్లైన ముగ్గురు తోటి ఆటగాళ్లు కిటికీలోంచి అతని గదిలోకి దూరి, నేల మీదే పడుకుని తోడున్నారట. ఆ కిటికీ సంగతి నేను మీ నాయనమ్మకు రెండుసార్లు చెప్పాను.

మరుసటి ఏడు జెయింట్స్‌దే ఇంకో చిన్న టీము మినియాపొలిస్‌లో 35 మ్యాచ్‌లు ఆడి 477 సగటు తెచ్చుకున్నాడు. ఇక్కడ సగటంటే మనలా పరుగుల లెక్క కాదు. వెయ్యిసార్లు బ్యాటింగ్‌కు దిగితే ఎన్నిసార్లు సరిగ్గా కొట్టి బేస్, అంటే పరుగెత్తి చేరాల్సిన గుర్తు, చేరతాడన్నది. 300 వస్తే మంచి ఆటగాడు అంటారు. ఇతనిది 477! మే నెలలో ఒకరోజు సినిమా చూస్తుంటే మధ్యలో కబురొచ్చింది, పెద్ద టీము పిలుస్తోందని. కుర్రాడు భయపడిపోయాడు. జెయింట్స్ మేనేజర్ లియో డురోషర్‌తో ఫోన్లో, అక్కడి బౌలింగ్ నావల్ల కాదు, నేను రాను అన్నాడు. ఇక్కడ మేనేజర్ అంటే మన కోచ్, కెప్టెన్ కలిపి ఒకడే అనుకోండి. ఆయన నీ సగటెంత అని అడిగాడు. 477 అన్నాడు. డురోషర్‌కు నోరు మంచిది కాదు, ఆ తర్వాత అన్న మాటలు మీకు రాయను. మొత్తానికి రప్పించుకున్నాడు.

1951 మే 25న ఫిలడెల్ఫియాలో మొదటి మ్యాచ్. అక్కడ మూడు మ్యాచ్‌ల్లో కలిపి పన్నెండుసార్లు ప్రయత్నిస్తే ఒక్కటీ తగల్లేదు. న్యూయార్క్ వచ్చాక వారెన్ స్పాన్ అనే మహా బౌలర్‌ని హోమ్ రన్ కొట్టాడు. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ సున్నాలు. దాదాపు పాతిక సార్లకు తగిలింది ఆ ఒక్కటే. ఇరవై ఏళ్ల పిల్లాడు లాకర్ ముందు కూర్చుని ఏడ్చేశాడు. నన్ను వెనక్కి పంపెయ్యండి అన్నాడు. నేను ఇక్కడున్నన్నాళ్లూ సెంటర్ ఫీల్డర్‌వి నువ్వే, రేపూ నువ్వే ఆడతావు అన్నాడు డురోషర్. ఇంకో మాట కూడా చెప్పాడు. పంట్లాం మరీ కిందికి వేసుకుంటున్నావు, పైకి లాక్కో అని. మోకాళ్ల కంటే కిందుగా వచ్చిన బంతి మంచి బంతిగా లెక్కలోకి రాదు. పంట్లాం జారి ఉంటే నీ మోకాళ్లు కిందున్నాయని అంపైర్ మోసపోయి, కిందుగా వచ్చిన బంతినీ మంచిదే అంటాడు అని ఆయన లెక్క. ఆ ఓదార్పు కంటే నాకీ పంట్లాం మాటే నచ్చింది. ఏడ్చేవాడికి చేతికి ఏదో ఒక పని ఇచ్చాడు.

కుర్రాడు తేరుకున్నాడు. ఏడాది చివరికి 274 సగటు, 20 హోమ్ రన్లు, కొత్తవాళ్లలో మేటి అన్న అవార్డు. అప్పుడు అతను న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, జెయింట్స్ స్టేడియానికి దగ్గర్లోనే ఉండేవాడు. వీధి పిల్లలు వచ్చి పిలిస్తే దిగి, చీపురు కర్రతో రబ్బరు బంతి ఆడేవాడు. కొట్టిన దూరాన్ని మ్యాన్‌హోల్ మూతలతో కొలిచేవాళ్లు. మన గల్లీలో కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకున్నట్టన్న మాట.

ఆ అక్టోబర్ 3న డాడ్జర్స్ టీముతో లీగ్ విజేతను తేల్చే మ్యాచ్. జెయింట్స్ ఆటగాడు బాబీ థామ్సన్ హోమ్ రన్ కొట్టి గెలిపించాడు, ఇక్కడ దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బంతి వచ్చినప్పుడు తర్వాత బ్యాటింగ్‌కు దిగాల్సినవాడు విల్లీనే. దేవుడా, నా దాకా రానివ్వకు అని మొక్కుకున్నానని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు.

పోయిన ఆదివారం మీ మావయ్య నన్ను ఆ స్టేడియం ఉన్న చోటుకు తీసుకెళ్లాడు. అది కూల్చేసి అరవై ఏళ్లయింది. ఎత్తైన అపార్ట్‌మెంట్లు కట్టారు. పక్కన గుట్ట మీంచి జనం దిగి వచ్చే పాత మెట్లు మాత్రం ఉన్నాయి. నాలుగు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చి అక్కడే కూర్చున్నాను.

మీ ఇద్దరికీ కలిపి ఒక గ్లవ్ కొన్నాను. బుజ్జీ, నువ్వు కుడిచేత్తో విసురుతావు కాబట్టి అది ఎడమచేతికి తొడగాలి. చిన్నూది ఎడమచేతి వాటమని కొట్లో డబ్బు కట్టాక గుర్తొచ్చింది. ఇంకొకటి కొనాలి.

మీ తాతయ్య