ఆక్సిజన్ ఒక్కో ఎలక్ట్రాన్ అందుకుంటే

గాలిలో ఐదో వంతు ఆక్సిజనే. కట్టె, కాగితం, మన ఒళ్లు అన్నీ అందులో కాలిపోగల పదార్థాలే. అయినా నిప్పు తగిలేదాకా వాటికేమీ కాదు. ఈ రక్షణ ఆక్సిజన్ అణువు నిర్మాణంలోనే ఉంది. అందులో రెండు ఎలక్ట్రాన్లు జంట కట్టకుండా విడివిడిగా, రెండూ ఒకే దిశ స్పిన్‌తో ఉంటాయి. మామూలు పదార్థాల్లో ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో జంటలుగా ఉంటాయి. అలాంటి జంటను ఆక్సిజన్ ఒక్కసారిగా లాక్కోలేదు, ఒక్కొక్కటిగా తీసుకోవాల్సిందే. ఈ ఒంటరి ఎలక్ట్రాన్ల ప్రభావాన్ని కంటితో చూడొచ్చు. మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య పోస్తే, లేత నీలి రంగులో అక్కడే అంటుకుని వేలాడుతుంది. ద్రవ నైట్రోజన్ పోస్తే కిందికి కారిపోతుంది.

ఆక్సిజన్ నీరుగా మారాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. మొదటిది అందితే సూపర్ ఆక్సైడ్. రెండోది చేరి, రెండు ప్రోటాన్లు కలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్. మూడోది పడగానే ఆ పెరాక్సైడ్ రెండుగా విరుగుతుంది: ఒక ముక్క హైడ్రాక్సైడ్ అయాన్, రెండోది హైడ్రాక్సిల్ రాడికల్ (రాడికల్ అంటే జంట పడని ఎలక్ట్రాన్ ఉన్నది). నాలుగోదానితో నీరు. మైటోకాండ్రియాలో శ్వాసక్రియ చివరి ఎంజైమ్ అయిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్, నాలుగు మెట్లూ పూర్తయ్యేదాకా ఆక్సిజన్‌ను వదలదు. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు లీకయ్యేది అంతకు ముందే, శ్వాసక్రియ ఎంజైముల వరుసలోని ఒకటో, మూడో కాంప్లెక్సుల దగ్గర. పీల్చిన ఆక్సిజన్‌లో ఒకటి రెండు శాతం ఇలా పోతుందని పుస్తకాల్లో తరచూ రాస్తారు. ఆ అంకె వేరుచేసిన మైటోకాండ్రియాను కృత్రిమ పరిస్థితుల్లో ఉంచి కొలిచినది. బతికున్న కణంలో లీకు అంతకంటే బాగా తక్కువ.

సూపర్ ఆక్సైడ్, పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ వంటి వాటన్నిటినీ కలిపి ‘క్రియాశీల ఆక్సిజన్ రూపాలు’ అంటాం. పేరు ఒకటే అయినా గుణాలు ఒకటి కావు. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

సూపర్ ఆక్సైడ్ పేరుకు భయపెడుతుంది గానీ, నీటిలో అది చాలా పదార్థాల జోలికి పోదు. దాని దెబ్బ ప్రధానంగా ఇనుము-గంధకం గుచ్ఛాలున్న అకోనిటేజ్ వంటి ఎంజైములకు తగులుతుంది. గుచ్ఛం చెదిరి ఇనుము బయట పడుతుంది. రెండు సూపర్ ఆక్సైడ్‌లు ఎదురుపడితే తమంతట తామే పెరాక్సైడ్, ఆక్సిజన్‌గా మారిపోతాయి. మరి దానికోసం ఎంజైమ్ ఎందుకు? రెండూ ఒకదాన్నొకటి వెతుక్కోవాలి కాబట్టి, సాంద్రత పదో వంతుకు తగ్గితే ఈ చర్య వేగం నూరో వంతుకు పడిపోతుంది. కణంలో సాంద్రత మరీ తక్కువ, ఆగితే పని జరగదు. 1969లో జో మెకార్డ్, అర్విన్ ఫ్రిడోవిచ్ గుర్తించిన సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఈ లోటు తీరుస్తుంది. అణువులు నీటిలో కదిలి ఢీకొనే వేగమే దాని వేగానికి హద్దు.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను దగ్గరగా చూడటానికి ఒక బంగాళాదుంప చాలు. ఒక గ్లాసులో 3 శాతం పెరాక్సైడ్ 10 మిల్లీలీటర్లు పోసి, సెంటీమీటరు పచ్చి ముక్క వేయండి. క్షణాల్లో ముక్క చుట్టూ నురగ పుడుతుంది. అదే ముక్కను నాలుగైదుగా తరిగి వేస్తే నురగ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తెగిన కణాల్లోంచి కాటలేజ్ అనే ఎంజైమ్ బయటికొస్తుంది. పది నిమిషాలు ఉడికించి చల్లార్చిన ముక్కతో నురగ రాదు, వేడికి ఎంజైమ్ చెడిపోయింది. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. ఆరిపోతూ కొస ఎర్రగా ఉన్న పుల్లను నురగ దగ్గరకు తెస్తే మళ్లీ అంటుకుంటుంది. 10 మిల్లీలీటర్ల ద్రావణం పూర్తిగా విడిపోతే దాదాపు 100 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుంది. పచ్చి ముక్కకూ నురగ రాకపోతే సీసాను అనుమానించండి. వెలుతురు, లోహపు ఆనవాళ్లు పెరాక్సైడ్‌ను మెల్లగా నీరుగా మార్చేస్తాయి, దాన్ని ముదురు రంగు సీసాలో పెట్టేది అందుకే.

ఆ సీసాలోని ద్రావణం దాదాపు 0.9 మోలార్. కణం లోపల మామూలుగా ఉండేది నానోమోలార్ స్థాయిలో, అంటే కోట్ల రెట్లు తక్కువ. ఆ స్థాయిలో పెరాక్సైడ్ విషం కాదు, కబురు. కొన్ని ప్రొటీన్లలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకాన్ని ఆక్సీకరించి వాటి పనిని ఆపుతుంది లేదా మొదలుపెడుతుంది. కీప్1 అనే ప్రొటీన్ సిస్టీన్‌లు ఇలా మారితే, అది పట్టి ఉంచిన ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి రక్షణ ఎంజైముల జన్యువులను నడిపిస్తుంది.

అదే పెరాక్సైడ్‌కు ఫెర్రస్ ఇనుము (రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము) ఎదురైతే కథ మారిపోతుంది. టార్టారిక్ ఆమ్లాన్ని పెరాక్సైడ్ ఆక్సీకరించడానికి కొద్దిపాటి ఇనుము ఎంత తోడ్పడుతుందో హెన్రీ ఫెంటన్ 1894లో ప్రచురించాడు. ఇనుము తన ఎలక్ట్రాన్ ఒకటి ఇస్తుంది, పెరాక్సైడ్ విరుగుతుంది, హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. కణంలో దాని ఆయుష్షు నానోసెకను స్థాయి, వెళ్లేది కొద్ది నానోమీటర్లు. పుట్టిన చోటే ఏది తగిలితే దాన్ని కొడుతుంది. డీఎన్ఏకు అంటుకుని ఇనుము ఉంటే దెబ్బ డీఎన్ఏకే. గ్వానిన్ అక్షరం 8-ఆక్సోగ్వానిన్‌గా మారి, నకలు తీసేటప్పుడు సైటోసిన్‌కు బదులు అడెనిన్‌తో జత కడుతుంది.

అందుకే ‘హైడ్రాక్సిల్‌ను పట్టేసే యాంటీఆక్సిడెంట్’ అన్న మాటకు శరీరంలో పెద్దగా అర్థం లేదు. ఆ రాడికల్ దాదాపు ప్రతి జీవ అణువుతోనూ ఒకే తీరు వేగంతో కలుస్తుంది. దాన్ని ముందుగా పట్టాలంటే ఆ మందు చుట్టూ ఉన్న ప్రొటీన్లు, చక్కెరలన్నిటి కంటే ఎక్కువగా ఉండాలి. శరీరం ఆ పోటీకి దిగదు. ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్, ఫెరిటిన్ అనే ప్రొటీన్లలో బంధించి, పెరాక్సైడ్‌ను ముందే తీసేస్తుంది. కొవ్వు పొరల్లో మాత్రం విటమిన్ ఇ నిజంగా పనికొస్తుంది. అక్కడ ఒక రాడికల్ పక్క అణువు నుంచి హైడ్రోజన్ లాగి, అది మరో దాన్నుంచి లాగి, గొలుసులా సాగుతుంది. విటమిన్ ఇ తన హైడ్రోజన్ ఇచ్చి ఆ గొలుసును తెంపుతుంది.

ఈ రూపాల్లో మరొకటైన సింగ్లెట్ ఆక్సిజన్ దారి వేరు. అది ఎలక్ట్రాన్ అందుకోదు. రైబోఫ్లావిన్, క్లోరోఫిల్ వంటివి పీల్చుకున్న కాంతి శక్తిని తీసుకుని, జంట పడని రెండు ఎలక్ట్రాన్లను జంట కలుపుకుంటుంది. వెలుతురులో పెట్టిన పాల రుచి చెడటానికి ఇదొక కారణం.

తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్‌లు సూపర్ ఆక్సైడ్‌ను కావాలనే తయారు చేస్తాయి. సూక్ష్మజీవిని మింగగానే ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మేల్కొని సూపర్ ఆక్సైడ్ చేస్తుంది. దాన్నుంచి పుట్టిన పెరాక్సైడ్‌ను మైలోపెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్ క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది. పుట్టుకతోనే ఈ ఆక్సిడేజ్ పనిచేయని పిల్లలకు ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి. ఆ జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్.

కాబట్టి ఈ రూపాలను మొత్తంగా తగ్గించేస్తే మేలనుకోవడం తప్పు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. యాంటీఆక్సిడెంట్‌గా పేరున్న బీటా కెరోటిన్‌ను రోజుకు 20 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చిన మరో పరీక్షను ఇదే తరహా హాని కనిపించి 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేశారు.

ఇక కొలతల సంగతి. ఈ రూపాలను కొలవడానికి ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే, ఆక్సీకరణ చెందితే మెరిసే డీసీఎఫ్ రంగు పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరపదు. మధ్యలో ఇనుమో, పెరాక్సిడేజో ఉండాలి. కణంలో ఇనుము పెరిగితే పెరాక్సైడ్ పెరగకపోయినా ఆకుపచ్చ మెరుపు పెరుగుతుంది. పైగా ఆ రంగు మధ్యలో ఏర్పరిచే రాడికలే ఆక్సిజన్‌తో కలిసి కొత్త సూపర్ ఆక్సైడ్ పుట్టిస్తుంది. మన కొలతే తన అంకెను పెంచుకుంటుందన్నమాట. ఇనుమును పక్కకు తప్పించాలని, లోహాలను పట్టుకునే ఈడీటీఏ కలపడమూ పొరపాటే, దాని పట్టులోని ఇనుము ఫెంటన్ చర్య జరుపుతూనే ఉంటుంది. ఇనుమును ఆ చర్య జరపనివ్వకుండా పట్టుకునే డెస్‌ఫెర్రాక్సమైన్ వాడటం మేలు. విటమిన్ సి, టీలోని పాలీఫినాల్‌లు కణాలను పెంచే ద్రావణంలోనే ఆక్సీకరణ చెంది పెరాక్సైడ్ పుట్టిస్తాయి. ‘ఈ పదార్థం క్యాన్సర్ కణాలను చంపింది’ అన్న ఫలితం వచ్చినప్పుడు, ముందు కణాలు లేని ద్రావణంలో ఆ పదార్థం కలిపి పెరాక్సైడ్ కొలవాలి. తర్వాత కణాలున్న గిన్నెలో కాటలేజ్ కలిపి ఒకసారి, ఉడికించి చెడగొట్టిన కాటలేజ్‌తో మరోసారి ప్రయోగం చేయాలి. మొదటి గిన్నెలో కణాలు బతికి, రెండోదానిలో చస్తే, వాటిని చంపింది గిన్నెలోని ద్రావణంలో పుట్టిన పెరాక్సైడ్.