చర్మ క్యాన్సర్ తొలిదశలో ఒళ్లంతా స్కానింగ్ అవసరమా?

బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అన్న మాట కనపడగానే అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి వచ్చే కుటుంబాలు ముందుగా అడిగేది ఒళ్లంతా తీసే పెట్ స్కాన్ గురించే. వారి ఆదుర్దా సహజమే. అయినా తొలిదశలో చాలామందికి నేను వద్దనే చెబుతాను.

అపోహ: ఒకసారి స్కాన్ తీయిస్తే ఎక్కడ దాగి ఉన్నా బయటపడుతుంది.

వాస్తవం: కొన్ని మిల్లీమీటర్ల కంటే చిన్న గడ్డలను పెట్ స్కాన్ పట్టలేదు. 1 మిల్లీమీటరు లోతు కూడా దాటని మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) ఒకవేళ లింఫు గ్రంథికి చేరినా, మొదట్లో కొద్దిపాటి కణాలుగానే ఉంటుంది. అది స్కాన్‌కు అందదు. అందేవి వేరే ఉన్నాయి, మన డెల్టాలో మరీ ఎక్కువ. స్కాన్‌కు ముందు ఎక్కించే చక్కెర లాంటి మందును ఎక్కువగా పీల్చుకునే చోటల్లా స్కాన్‌లో వెలుగుతుంది. అది క్యాన్సరో, ఇన్‌ఫెక్షనో స్కాన్ తేల్చదు. చెప్పులు లేకుండా వరి చేలలో, చెరువు గట్ల మీద నడిచే కాళ్లకు పుండ్లు, పగుళ్లు మామూలే. వాటివల్ల గజ్జల్లో బిళ్లలు కడతాయి. ఫైలేరియా ఏళ్ల తరబడి పీడించిన ప్రాంతమిది. క్షయ కూడా అలాగే వెలుగుతుంది. ఇక సూది పరీక్ష, మళ్లీ స్కాన్, ఇంటిల్లిపాదికీ నిద్రలేని రాత్రులు. ఏమీ లేదని తేలేసరికి వేలకు వేలు ఖర్చయిపోతాయి. కౌలు రైతు ఇంట్లో అది అప్పే.

అపోహ: బయాప్సీకి ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది, స్కానే మేలు.

వాస్తవం: పాకదు. మెలనోమా ఎంత లోతుకు దిగిందో, పైన పుండు పడిందో లేదో చెప్పేది బయాప్సీయే. చికిత్స ఆ రెంటి మీదే ఆధారపడుతుంది. రిపోర్టులో లోతు మిల్లీమీటర్లలో రాశారో లేదో దయచేసి అడగండి.

అపోహ: అయితే స్కాన్ ఎవరికీ అక్కర్లేదు.

వాస్తవం: అదీ పొరపాటే. చేతికి గట్టి బిళ్ల తగిలినా, మెలనోమా మందంగా ఉండి పుండు పడినా, తగ్గని దగ్గో తలనొప్పో ఉన్నా స్కాన్‌కు నేనే పంపుతాను. ముఖం మీద వచ్చే చిన్న బేసల్ సెల్ క్యాన్సర్‌కు మాత్రం ఆ ఊసే అక్కర్లేదు. అది దూరానికి పాకడం చాలా అరుదు.

మనవాళ్లలో మెలనోమా ఎక్కువగా అరికాలిలో, గోటి కింద కనిపిస్తుంది. ఆనె అనుకుని ఏళ్లు గడిపేస్తారు. అందుకే తొలిదశ మెలనోమా తీసేశాక స్కాన్‌కు బదులు నేను కోరేది ఇది: ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి వచ్చి మచ్చ ఉన్న చోటు, గ్రంథులు, ఒళ్లంతా చర్మం చూపించుకోవాలి. ఇంట్లో నెలకోసారి కాళ్లు కడుక్కుని, వెలుతురులో అరికాళ్లు ఎవరిచేతనైనా చూపించుకోవాలి.