వేట సఫారీకి ఏ దేశం? నా దగ్గరికొచ్చే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మా ట్రావెల్ ఆఫీసుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కావాల్సింది కెమెరా సఫారీ. వేట గురించి అడిగేవాళ్ళు తక్కువే గానీ గట్టిగా అడుగుతారు. సెలవులకు ఇంటికొచ్చిన ఎన్ఆర్ఐలు, అందులోనూ టెక్సస్‌లో ఉంటూ తుపాకీ అలవాటైనవాళ్ళు ఒక రకం. మదనపల్లె, పలమనేరు వైపు తోటలున్న పెద్దమనుషులు ఇంకో రకం. ఇక్కడ ఆఫీసు పెట్టకముందు టాంజానియాలో, అరూషాలోని ఒక వేట కంపెనీకి బుకింగులు చూసేవాణ్ణి. అందుకే అలాంటి ఫోన్లన్నీ నాకే మళ్ళిస్తారు. వేట ప్యాకేజీలు నేను అమ్మను, తెలిసింది చెప్తాను. అందరూ "ఏ దేశం మంచిది?" అని మొదలుపెడతారు. మీరు ఉంటున్న దేశం ఏదని నేను ముందు అడుగుతాను. ఎందుకో కింద చూడండి.

అపోహ: ఆఫ్రికాలో ఎక్కడైనా వేటాడొచ్చు.

కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం. మసాయి మారాకు వెళ్తే కెమెరాతోనే వెళ్ళాలి. బోట్స్వానా 2014లో వేట ఆపేసి 2019లో మళ్ళీ తెరిచింది. జాంబియా కూడా 2013లో ఆపి, తర్వాత విడతలుగా అనుమతించింది. ప్రభుత్వం మారితే వేట విధానమూ మారొచ్చు కాబట్టి ఎవరో నాలుగేళ్ళ కిందట వెళ్ళొచ్చిన కబుర్లు పట్టుకుని అడ్వాన్స్ కట్టొద్దు. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, టాంజానియా, మొజాంబిక్‌లలో వేట చట్టబద్ధమే, అయితే అక్కడా నేషనల్ పార్కులు వేరు, వేటకు కేటాయించిన అడవి భాగాలు, అంటే వేట బ్లాకులు వేరు. "సెరెంగెటి నేషనల్ పార్కులో వేట" అని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే ఆ మనిషితో మాట అక్కడితో ఆపేయండి.

అపోహ: డబ్బుంటే చాలు, ఏ జంతువైనా దొరుకుతుంది.

"అన్నా, సింహానికి ఎంత?" అని అడుగుతారు, కోడిపుంజుకు బేరమాడినట్టు. లెక్క అలా ఉండదు. ప్రతి బ్లాకుకు ఏ జంతువు ఎన్ని అనే కోటా ఉంటుంది. అది అయిపోతే ఎంత ఇచ్చినా లేదు. టాంజానియాలో సింహమైతే కనీసం ఆరేళ్ళ వయసున్న మగదే అయ్యుండాలి. ముక్కు మీద నల్ల మచ్చలు, జూలు, ఒంటి గాయాలు చూసి వయసు అంచనా వేస్తారు. దానికోసం వారాల తరబడి క్యాంపులో కూర్చుని చివరికి తుపాకీ ఎత్తకుండానే వెనక్కి వచ్చేవాళ్ళు బోలెడుమంది.

ఖర్చు రెండు భాగాలు. క్యాంపు, వాహనం, జాడ పట్టే ట్రాకర్లు, వెంట ఉండే ప్రొఫెషనల్ హంటర్, వీటన్నిటికీ రోజుకింత అని డైలీ రేటు. అది జంతువు దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. కొట్టిన జంతువుకు ట్రోఫీ ఫీజు వేరు (ట్రోఫీ అంటే గుర్తుగా ఉంచుకునే తల, కొమ్ములు, తోలు). మనవాళ్ళు గొడవపడేది ఎక్కువగా ఈ చోటే: గాయపడి తప్పించుకుపోయిన జంతువు కూడా కొట్టినట్టే లెక్క. నేల మీద రక్తపు చుక్క కనిపిస్తే పూర్తి ఫీజు పడుతుంది. గురి మీద నమ్మకం లేనివాడు బేరం దగ్గర కాదు, ఇక్కడ నష్టపోతాడు. తోలు శుభ్రం చేయడం, ప్యాకింగ్, రవాణా, వెంట వెళ్ళిన భార్యకో తమ్ముడికో అబ్జర్వర్ ఫీజు, ఇవేవీ బ్రోచర్ మొదటి పేజీలో ఉండవు.

అపోహ: మొదటిసారే అడవి దున్న, సింహం ఉన్న దేశానికి వెళ్ళాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మొదటిసారి నమీబియా, లేదంటే దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్. కుడూ, ఇంపాలా, గెమ్స్‌బాక్ లాంటి జింకల తరహా జంతువులు, మంచి రోడ్లు, తక్కువ డైలీ రేటు. ఈస్టర్న్ కేప్‌లో మలేరియా బెడద కూడా లేదు. మే నుంచి సెప్టెంబర్ వరకు అక్కడ పొడి చలికాలం. గడ్డి పడిపోతుంది, జంతువులు నీళ్ళ దగ్గరికి వస్తాయి. గాయపడిన అడవి దున్న పొదలో దాక్కుని మనిషి కోసం కాచుకోగలదు. మొదటి అనుభవం దానితో వద్దు.

దక్షిణాఫ్రికాలో ఒకటి తెలుసుకోండి. అక్కడ వేట చాలావరకు కంచె వేసిన ప్రైవేటు భూముల్లోనే. కొన్ని కంచెలు కొన్ని వేల ఎకరాలు చుట్టి ఉంటాయి, కొన్ని మన మామిడి తోటలకంటే కాస్త పెద్దవి, అంతే. ఎంత విస్తీర్ణమో, జంతువు అక్కడే పుట్టిందో లేక నిన్న లారీలో దిగిందో రాతపూర్వకంగా అడగండి. చౌక సింహం అంటే దాదాపుగా బోనులో పెరిగిన సింహమే. ఆ వ్యాపారాన్ని మూసేసే విధానానికి అక్కడి కేబినెట్ 2024లో ఆమోదం తెలిపింది. దాన్ని వేట అనడానికి నాకైతే నోరు రాదు.

అపోహ: తల తెచ్చి హాల్లో పెట్టుకోవచ్చు.

మీరు ఏ దేశంలో ఉంటున్నారని మొదట అడిగింది ఇందుకే. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం నియంత్రిస్తుంది. తిరుపతివాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, మన ఎర్రచందనం కూడా అదే ఒప్పందం అనుబంధం 2లో ఉంది. మన దిగుమతి విధానం ప్రకారం అడవి జంతువులనే కాదు, వాటి భాగాలను తేవడమూ నిషిద్ధం. ఆఫ్రికా దేశం ఇచ్చిన ఎగుమతి పత్రం చేతిలో ఉంటే చెన్నై కస్టమ్స్‌లో దారి వదులుతారనుకోవద్దు. అమెరికాలో ఉండేవాళ్ళకు దారి ఉంది. కానీ ఏనుగు, సింహం ట్రోఫీలకు అక్కడి వైల్డ్‌లైఫ్ శాఖ దిగుమతి పర్మిట్ కావాలి. వస్తుందో రాదో తేలకముందే వేటకు డబ్బు కట్టడం జూదమే. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని చంపిన గొడవ తర్వాత చాలా విమాన సంస్థలు ఇలాంటి ట్రోఫీలు మోయడం మానేశాయి, అదీ కనుక్కోండి.

అపోహ: మన తుపాకీ లేకపోతే కుదరదు.

క్యాంపులో అద్దెకిస్తారు. పెద్ద జంతువులకు చాలా దేశాల్లో .375 కంటే తక్కువ క్యాలిబర్ (తూటా మందం, అంగుళాల్లో) ఒప్పుకోరు. అద్దె తుపాకీయే నయం.

అపోహ: ఇక్కడే, తెలిసినవాళ్ళ అడవిలో ఏర్పాటు చేయొచ్చు.

ఈ మాట అనేవాళ్ళకు నేను టీ కూడా ఇప్పించను. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అందులో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. పంట పాడుచేసిందని అడవి పందిని కూడా సొంతంగా కాల్చకూడదు, అటవీ శాఖ అనుమతి ఉండాలి. మన కొండల్లో దర్జాగా జరిగే వేట ఒక్కటే, కనుమ నాడు తిరుమలలో స్వామివారి పార్వేట ఉత్సవం.

విచిత్రం ఏంటంటే, మన రాష్ట్ర జంతువు కృష్ణజింకను టెక్సస్‌లో 1930లలో తీసుకెళ్ళి పెంచారు. అక్కడి ప్రైవేటు ర్యాంచుల్లో భూమి యజమాని ఒప్పుకుని, మీకు వేట లైసెన్సు ఉంటే ఏడాదంతా వేటాడొచ్చు. డల్లాస్‌లో ఉండే తమ్ముళ్ళకు నేను చెప్పేది, ఆఫ్రికాకు ముందు ఒకసారి పక్క జిల్లాకు వెళ్ళి రమ్మని. మీకు వేట నిజంగా పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

అపోహ: వేట ఆపితే జంతువులు పెరుగుతాయి. దీని కవల: వేట వల్లే అడవులు బతుకుతున్నాయి.

కెన్యా వేట ఆపిన తర్వాత కూడా అక్కడ వన్యప్రాణులు బాగా తగ్గాయి. పశువులు, కంచెలు, పొలాలు పెరిగాయి మరి. నమీబియా 1996 చట్టంతో ఊళ్ళకు కన్సర్వెన్సీలు, అంటే తమ భూముల్లోని జంతువులను ఊరివాళ్ళే చూసుకునే సంఘాలు, పెట్టుకునే హక్కు ఇచ్చింది. వేట ఆదాయం, మాంసం ఊరికి చేరడంతో జంతువును కాపాడే ఆసక్తి పెరిగింది. డబ్బు ఊరికి చేరని చోట ఈ వాదన పనికిరాదు. కౌండిన్య అభయారణ్యం పక్క పల్లెల్లో ఏనుగులు పంట తొక్కాక రైతు ఏమంటాడో విన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అందుకే ఔట్‌ఫిట్టర్‌ను, అంటే వేట ఏర్పాటు చేసే కంపెనీని, మీరు అడగాల్సిన ప్రశ్న: ఈ భూమి ఎవరిది, నా ఫీజులో ఆ ఊరికి ఎంత వెళ్తుంది? నీళ్ళు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

అపోహ: అక్కడ మన భోజనం దొరకదు.

అరూషాలో, నైరోబీలో తరాలుగా గుజరాతీలున్నారు, పప్పు, చపాతీ, అన్నం దొరుకుతాయి. క్యాంపు వంటవాడికి ముందే చెబితే శాకాహారమూ చేసిపెడతాడు. కాకపోతే వేట క్యాంపులో శాకాహారం అడిగినవాణ్ణి ట్రాకర్లంతా రెండు రోజులు వింతగా చూస్తారు.