"మంజూరైంది" ఏ కాలం క్రియ? ఎమ్మెల్యే కార్యాలయం బల్ల మీదికి వచ్చే అపోహలు

నేను ఒక ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయంలో పనిచేస్తాను. ఉదయం అర్జీలు తీసుకోవడం, మధ్యాహ్నం వాటిని శాఖల వారీగా విడదీసి పంపడం, నెలాఖరున నియోజకవర్గ సమాచార పత్రం రాయడం నా పనులు. ఆ నాలుగు పేజీల్లో రోడ్ల పనులు, వైద్య శిబిరాల తేదీలు, పథకాల గడువులు ఉంటాయి. అది చదివి వచ్చినవాళ్ల ప్రశ్నలు వింటే, నేను రాసింది ఒకటి, వాళ్లకు అందింది మరొకటి అని తరచూ తెలుస్తుంది. తప్పు చాలావరకు నాదే. ఫైళ్ల భాషలో బతికేవాళ్లం, అది ఊరందరి భాష అనుకుంటాం.

అపోహ: "మంజూరైంది" అని వేశారంటే డబ్బు వచ్చేసినట్టే.

ఈ ఒక్క మాట వల్ల తిన్నన్ని చీవాట్లు నేను మరే మాట వల్లా తినలేదు. ఒకసారి ఒక కాలనీ సిమెంటు రోడ్డు గురించి "మంజూరు" అని పెద్ద అక్షరాలతో వేశాం. నాలుగు నెలలైనా ఆ వీధిలోకి కంకర లారీ ఒక్కటీ రాలేదు. అక్కడుండే విశ్రాంత తెలుగు మాస్టారు మా పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. నా బల్ల మీద పరిచి, ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి, "బాబూ, ఇది ఏ కాలం క్రియ?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయింది ఇది. రోడ్డు పని కాగితం మీద చాలా మెట్లు ఎక్కాలి. మొదట ఇంజినీర్లు అంచనా వేసి ప్రతిపాదన పంపుతారు. ఈ పనికి ఇంత ఖర్చు పెట్టవచ్చని ప్రభుత్వమో, ఆ అధికారం ఉన్న అధికారో ఉత్తర్వు ఇస్తే అది పరిపాలనా అనుమతి. మేం "మంజూరు" అని వేసేది సాధారణంగా దీన్నే. ఆ తర్వాత వివరమైన అంచనాను పరిశీలించి ఇంజినీరింగ్ అధికారులు సాంకేతిక అనుమతి ఇవ్వాలి. అప్పుడు టెండరు, ఖరారు, ఒప్పందం. పని మొదలయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలను ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కిస్తారు, పై అధికారులు సరిచూస్తారు, బిల్లు తయారవుతుంది. ఆ బిల్లుకు చెల్లింపు జరగడం ఇంకో ఘట్టం. సగం వేసి వదిలేసిన రోడ్డు కనిపిస్తే చాలాసార్లు ఆగింది ఈ చివరి మెట్టు మీదే. పాత బిల్లు రాక కాంట్రాక్టరు యంత్రాలు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

మంజూరు వేరు, నిధుల విడుదల వేరు. శంకుస్థాపన ఈ రెండింటికీ రుజువు కాదు. కొబ్బరికాయ కొట్టడానికి సాంకేతిక అనుమతి అక్కర్లేదు కదా. అందుకని మీ వీధి పని గురించి అడగడానికి వచ్చినప్పుడు "ఎప్పుడు వేస్తారు?" అని అడగకండి, "త్వరలో" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. "పరిపాలనా అనుమతి ఉత్తర్వు నంబరు, తేదీ చెప్పండి, టెండరు పిలిచారా?" అని అడగండి. నాలాంటివాడు నీళ్లు నమలకుండా ఫైలు తీయాల్సి వస్తుంది.

అపోహ: అభివృద్ధి నిధి ఎమ్మెల్యే ఖాతాలో ఉంటుంది, ఆయన తలచుకుంటే ఇవ్వవచ్చు.

లేదు. పార్లమెంటు సభ్యులకు ఉన్న ఎంపీ లాడ్స్ అనే అభివృద్ధి నిధి చూడండి. ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అందులో ఒక్క రూపాయి కూడా ఎంపీ చేతికి రాదు. ఆయన పనులు సిఫారసు చేస్తారు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. ఎమ్మెల్యేలకు నియోజకవర్గ నిధి ఇచ్చినప్పుడు కూడా పద్ధతి ఇదే.

అపోహ: ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద సంతకం పడితే పని అయిపోయినట్టే.

ఒకాయన రెండేళ్ల కిందటి సిఫారసు లేఖను లామినేషన్ చేయించి తెచ్చారు. ఇంటి స్థలం కోసం ఇచ్చిన లేఖ అది. మూలలు కూడా నలగలేదు. "తహసీల్దారు గారికి ఇచ్చారా?" అని అడిగితే, "ఇస్తే మళ్లీ నా దగ్గర ఏముంటుందండీ?" అన్నారు. ఆయన దృష్టిలో ఆ కాగితమే పట్టా. రెండేళ్లు బీరువాలో భద్రంగా దాచుకున్నారు. దరఖాస్తు మాత్రం పెట్టనే లేదు.

మా లేఖల్లో చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: "నిబంధనల ప్రకారం పరిశీలించి తగు చర్య తీసుకోగలరు." ఇందులో బరువంతా మొదటి రెండు మాటలదే. ఆదాయ, కుల ధ్రువపత్రాల మీద నిర్ణయం రెవెన్యూ అధికారిది. లేఖ ఆయనకు అర్జీని గుర్తు చేస్తుంది, అంతే. అర్హత లేనివారికి అర్హత తెచ్చిపెట్టదు. మీసేవలోనో, గ్రామ, వార్డు సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి, ఆ రసీదు నంబరు మా లేఖలో వేయించుకుంటేనే దానికి విలువ. నంబరు లేని లేఖ ఏ ఫైలులో చేరాలో ఎవరికీ తెలియదు.

జనన ధ్రువపత్రాల విషయంలో ఇది మరీ స్పష్టం. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలియజేస్తే రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము, ఆ తర్వాత ఏడాది లోపు రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. 2023 సవరణకు ముందు దీనికి మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. ఈ మెట్లలో ఎక్కడా ఎమ్మెల్యే లేరు. జూన్‌లో బడి తెరిచే వారం మా వరండా నిండా ఈ పత్రం కోసం వచ్చిన తల్లిదండ్రులే ఉంటారు. వాళ్లను వెనక్కి పంపడం నాకూ కష్టంగానే ఉంటుంది.

సంతకం నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. చిరునామా రుజువు ఏదీ లేనివారు ఆధార్ కోసం నిర్ణీత నమూనాలో ఎమ్మెల్యే ధ్రువీకరణ తెచ్చుకోవచ్చు. కానీ మామూలు లెటర్‌హెడ్ చెల్లదు, ఆ నమూనాయే ఉండాలి. ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. ఫొటో పక్కన అందంగా ముద్ర వేసి పంపిన పాపానికి జనం మళ్లీ మా దగ్గరికి తిరిగి వచ్చిన రోజులున్నాయి. ముద్ర వేసింది నేనే.

(మా కార్యాలయంలో అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే లేఖ ఏదో తెలుసా? తిరుమల దర్శనానికి. దాని గురించి అపోహలేమీ లేవు. నాకన్నా జనానికే నియమాలు బాగా తెలుసు.)

అపోహ: ముఖ్యమంత్రి సహాయ నిధి డబ్బు ఎమ్మెల్యే ఇస్తారు, బిల్లు మొత్తం వస్తుంది.

దరఖాస్తును పైకి పంపేది మేం. ఎంత ఇవ్వాలో నిర్ణయించేది ముఖ్యమంత్రి కార్యాలయం. బిల్లు మొత్తం ఇవ్వాలన్న నియమం లేదు. ముందు ఆ చికిత్స ఆరోగ్యశ్రీలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో ఉందేమో చూసుకోండి. చికిత్స ఇంకా మొదలుకాకపోతే ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ లేఖ) కోసం అడగాలి, అయిపోయాక అయితే అసలు బిల్లులు కావాలి. జిరాక్సులతో వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అసలువి ఏదో మధ్యవర్తి చేతిలో పెట్టి ఉంటారు. ఈ పనికి మధ్యవర్తి అవసరం లేదు, కమీషన్ అసలే లేదు.

ఇంకో మాట. చెక్కు వచ్చాక మేం ఫోన్ చేస్తాం. దరఖాస్తులో ఉన్న నంబరు ఆస్పత్రిలో ఎవరో బంధువుది అయి ఉంటుంది, మోగదు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువు మూడు నెలలే. సొరుగులోనే ప్రాణం పోయిన చెక్కులను మళ్లీ రాయించడానికి పంపిన అనుభవం నాకు ఉంది. ఫోన్ నంబరు మారితే వచ్చి చెప్పండి, చాలు.

అపోహ: అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే ఏ శాఖకైనా ఆదేశం ఇవ్వవచ్చు.

మంత్రివర్గం శాసనసభ సంఖ్యలో 15 శాతానికి మించకూడదు. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ పెట్టిన హద్దు ఇది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26, 119 మంది ఉన్న తెలంగాణలో 18. మిగిలినవాళ్ల చేతిలో ఏ శాఖ ఫైలూ ఉండదు. పాస్‌పోర్టు, పీఎఫ్, రైల్వే గేటు కేంద్రానివి. వీధి దీపం, మురుగు కాలువ పంచాయతీవో మున్సిపాలిటీవో. బల్బు మాడిపోయిందని ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తే, ఆ మాట చుట్టూ తిరిగి మీ ఇంటి పక్కనున్న పంచాయతీ కార్యదర్శి దగ్గరికే వస్తుంది.

అపోహ: ఎఫ్‌ఐఆర్ కావాలంటే ఎమ్మెల్యే ఫోన్ చేయాలి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేది) ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాసి పోస్టులో పంపవచ్చు. మేం ఫోన్ చేయడం వల్ల కేసు బలపడదు.

అపోహ: సభలో ప్రశ్న అడగడం కాలక్షేపం.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. ఆదేశాలిచ్చే అధికారం లేని ఎమ్మెల్యేకు ఉన్న అసలు ఆయుధం ప్రశ్నే. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. ఆ జవాబు రాయడానికి శాఖ కింది స్థాయి నుంచి సమాచారం తెప్పించుకుంటుంది. ఏళ్ల తరబడి కదలని ఫైలు మీద దుమ్ము దులిపేది ఆ వారంలోనే. మంత్రి "చేస్తాం" అంటే ఆ మాటను ప్రభుత్వ హామీల కమిటీ పట్టుకుంటుంది. సభలో కేకలు టీవీలో చూస్తాం, ఆ రాత జవాబులను మాత్రం ఎవరూ చదవరు. మా పత్రంలో నాలుగో పేజీ ఇకపై వాటికే.

అపోహ: ఎన్నికల ముందు మీరు పని ఆపేస్తారు.

షెడ్యూలు ప్రకటించగానే ఎన్నికల ప్రవర్తనా నియమావళి వస్తుంది. కొత్త మంజూర్లు ఆగుతాయి, నడుస్తున్న పనులు సాగుతాయి. ఆ రోజుల్లో మా సమాచార పత్రం కూడా రాదు.

అపోహ: సమాచార హక్కు దరఖాస్తు వేస్తే ఎమ్మెల్యే మనుషులు పగబడతారు.

పగబట్టేవాళ్లు ఎక్కడో ఉండవచ్చు. నా మట్టుకు నాకు అది సాయం. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన రుసుము నిబంధనల్లో గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే జవాబు రాదు, అంచనా నకలు, పరిపాలనా అనుమతి ఉత్తర్వు, ఎం-బుక్కు పేజీలు కావాలని రాయండి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి.

మాస్టారు ఆ దరఖాస్తే వేశారు. ఇంజినీర్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబు నకలు నాకూ ఒకటి ఇచ్చి వెళ్లారు. పరిపాలనా అనుమతి ఉంది, సాంకేతిక అనుమతి ఉంది, టెండరుకు ఎవరూ ముందుకు రాలేదు. ఆ మరుసటి నెల నుంచి "మంజూరు" అన్న మాట తీసేసి, పని పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ, ఇప్పుడున్న దశ అని నాలుగు గడుల పట్టిక వేస్తున్నాం. ఆయన వీధి రోడ్డు గడిలో ఈ నెల "టెండరు, రెండోసారి" అని ఉంది.