రిజిస్ట్రేషన్‌లో మిడ్‌వైఫ్, డ్యూటీలో ఏ వార్డో

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా పాసైన సిస్టర్ రిజిస్ట్రేషన్‌లో నర్సు, మిడ్‌వైఫ్ (కాన్పులు చేయించే మనిషి) అని రెండు మాటలూ ఉంటాయి. ఆ లెక్కన వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ మిడ్‌వైఫ్‌లకు కొరతే లేదు. కానీ ఈ నెల లేబర్ రూమ్‌లో ఉన్న సిస్టర్‌ను వచ్చే నెల సర్జికల్ వార్డుకు మార్చవచ్చు. మరి కాన్పులు చూసేవాళ్లు ఎంతమంది తక్కువున్నారో ఎట్లా లెక్కగట్టాలి?

మన ఊళ్లలో కాన్పంటే మంత్రసానమ్మే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పని ఏఎన్ఎంలకు, అంటే పల్లెల్లో తిరిగే నర్సమ్మలకు అప్పజెప్పాలనుకున్నారు. మొదట్లో వాళ్ల చదువులో పెద్ద భాగం కాన్పులదే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వాళ్లను అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తలుగా మార్చమంది. శిక్షణ రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు తగ్గింది. టీకాలు, కుటుంబ నియంత్రణ టార్గెట్లు, రిజిస్టర్లు మీద పడ్డాయి. కాన్పు వెనక్కి పోయింది.

ఆస్పత్రిలో కనే తల్లులకు డబ్బు ఇచ్చే పథకాలుగా 2005లో జననీ సురక్ష యోజన, 2017లో కేసీఆర్ కిట్ వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. మొత్తం కాన్పుల్లో పెద్దాపరేషన్లు 60.7 శాతం, కరీంనగర్ జిల్లాలో 80 శాతం పైనే. నెపం ముహూర్తాల మీద వేస్తాం, కొంత నిజమే. అయితే తొలి కాన్పు నొప్పులు పది పన్నెండు గంటలు సాగుతుంటే పక్కన ఓపిగ్గా కూర్చునే మనిషి లేకపోవడం అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ మనిషిని తయారుచేసే ప్రయత్నం 2017లో కరీంనగర్ జిల్లా ఆస్పత్రిలోనే మొదలైంది. యూనిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పుల ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సాయంతో 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది.

ఇక లెక్క. ఏటా 175 కాన్పులకు ఒక మిడ్‌వైఫ్ అన్నది 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత. నెలకు 500 కాన్పులయ్యే ఆస్పత్రికి ఆ ప్రకారం దాదాపు 34 మంది కావాలి. ఇది మోటు లెక్క. బీపీ, రక్తహీనత ఉన్న తల్లికి పట్టే సమయం వేరు, సాఫీగా అయ్యే కాన్పుకు పట్టేది వేరు. బ్రిటన్‌లో వాడే బర్త్‌రేట్ ప్లస్ పద్ధతి ఒక్కో తల్లికి ఎన్ని గంటల సేవ పడుతుందో చూసి మనుషుల్ని లెక్కిస్తుంది. పైగా రోజుకు మూడు షిఫ్టులు. వారాంతపు సెలవులు, లీవులు తీసేస్తే, ఒక మంచం పక్కన రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే కనీసం నలుగుర్ని నియమించాలి.