నూరకూడని మాత్ర

తిరుపతి బైరాగిపట్టెడలో మాకు తెలిసిన ఒక పెద్దాయనకు పెద్దపేగు పూత, అంటే పేగు లోపల పుండ్లు. రోజుకు ఎనిమిది, పది సార్లు నెత్తురూ జిగటా కలిసిన విరేచనాలు. పరీక్షలన్నీ అయ్యాక అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చి, మెసలమైన్ మాత్రలు రాశారు. కాస్త నిమ్మళించాడనుకునేలోగా ఒకరోజు మలంలో మాత్ర పెంకు కనిపించింది. ఇంత డబ్బు పోసి కొన్నది అరగకుండానే బయటికి పోతోందని ఇల్లాలు దిగులుపడింది. మర్నాటి నుంచి మాత్రను చిన్న రోట్లో మెత్తగా నూరి పెరుగన్నంలో కలిపి పెట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ నెత్తురు పడింది.

"నూరవద్దమ్మా, కొరకనూ వద్దు" అన్నాడు డాక్టరు. ఎందుకో చెప్పే తీరిక ఆయనకు లేదు, వరండా నిండా జనం. ఆ 'ఎందుకు' వెనక నలభై ఏళ్ల పరిశోధన ఉంది.

విచిత్రంగా, అది కీళ్లనొప్పుల దగ్గర మొదలైంది. స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు 1937లో కరోలిన్‌స్కా సంస్థలో ప్రొఫెసర్ అయ్యారు. కీళ్లవాతానికి సూక్ష్మక్రిములే మూలమని ఆమె నమ్మకం. క్రిములను చంపే సల్ఫా మందునూ, వాపు తగ్గించే ఆస్పిరిన్ జాతి మందునూ ఒకే అణువుగా ముడివేయమని ఫార్మాషియా కంపెనీని అడిగారు. అలా పుట్టింది సల్ఫాసలజీన్. క్రిముల మాట తర్వాత నిలవలేదు. అయితే కీళ్లనొప్పులతో పాటు పేగుపూత ఉన్నవారికి విరేచనాలు కట్టడం ఆమె కంటపడింది. 1942లో ఆ సంగతి ప్రచురించారు. తప్పు అంచనాతో బయల్దేరి సరైన ఊరు చేరడం వైద్యంలో కొత్తేమీ కాదు. చేరిన ఊరిని గుర్తుపట్టడమే ఆమె గొప్పతనం.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు డాక్టర్లు ఆ మందు రాస్తూనే వచ్చారు. ముడిలోని ఏ సగం పనిచేస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు. తలనొప్పి, వికారం, దద్దుర్లతో కొందరు మధ్యలోనే మానేసేవారు. 1972లో అమెరికాలో పెపర్‌కార్న్, గోల్డ్‌మన్ ఎలుకల మీద ఒక చిక్కు విప్పారు: ఆ ముడిని తెంపేది పేగులోని బ్యాక్టీరియా. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో దాస్ బృందం, ఈ బాధల్లో చాలావాటికి కారణం సల్ఫా సగమని చూపింది.

మిగిలిన ప్రశ్నను ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చినవాడు బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన ఆజాద్ ఖాన్. ఆయనకు పైన సిడ్నీ ట్రూలవ్. పేగుపూతకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు పనిచేస్తుందని 1955లో పెద్ద పరీక్షతో నిరూపించిన మనిషి. 1977లో వీరు 62 మంది రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పూర్తి మందు, ఒకదానికి సల్ఫా సగం, ఇంకొకదానికి రెండో సగం. నోటి ద్వారా ఇస్తే దారిలోనే లెక్క తప్పుతుంది కనుక ఎనిమాగా, అంటే మలద్వారం గుండా, ఇచ్చారు. ఎవరికి ఏది వెళుతోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. రెండు వారాలకు చూస్తే పూర్తి మందుతో, రెండో సగంతో పేగు లోపలి పొర కుదుటపడింది. సల్ఫా సగం తీసుకున్నవారిలో దాదాపు మార్పే లేదు. ఆ రెండో సగమే మెసలమైన్.

సరే, సల్ఫాను వదిలేసి దీన్నొక్కటే మింగిస్తే పోదా? పోదు. ఒంటరిగా మింగితే చిన్నపేగు పైభాగమే దాన్ని పీల్చేసుకుంటుంది. రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి. పుండ్లున్న పెద్దపేగుకు అందేది కొద్దిగానే. ఇన్నాళ్లూ సల్ఫా చేసిన మేలు ఒక్కటే: బండి లాగడం. ఆ బండి స్థానంలో, ఎనభైల మొదట్లో కార్డిఫ్ పరిశోధకులు, ఆమ్లానికి కరగకుండా చిన్నపేగు చివరికి వెళ్లాక మాత్రమే కరిగే రెసిన్ పూతను మాత్ర మీద వేసి పరీక్షించారు. రోట్లో ముందుగా పొడి అయ్యేది ఆ పూతే.

పేగుల్లో వాపు తెచ్చే ఇంకో జబ్బు క్రోన్స్ వ్యాధి. దాని దారి వేరు. మన దగ్గర అది పేగు క్షయగా, పేగు క్షయ అదిగా పొరబడే చిక్కు ఎప్పటినుంచో ఉంది. ఈ మాత్రకు అక్కడ పెద్దగా పని లేదు.

సల్ఫాసలజీన్ నేటికీ వాడుకలో ఉంది, చవక కూడా. మూత్రం నారింజ రంగుకు తిరిగితే కంగారు అక్కర్లేదు. మెసలమైన్ వాడేవారికి అప్పుడప్పుడు ఖాళీ పెంకు కనిపిస్తే, మందు లోపల దిగిపోయిందన్నమాట. మాత్ర కరగకుండా నిండుగా, గట్టిగా, మళ్లీ మళ్లీ బయటపడుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఈ తేడా విన్నాక ఆ ఇల్లాలు రోలు కడిగి బోర్లించింది.