ఏదొస్తే అదే

2021 ఏప్రిల్‌లో మా వీధి చివరి ఆరోగ్య కేంద్రం ముందు తెల్లవారకముందే క్యూ ఉండేది. మనుషులది కాదు, చెప్పులది. ఒక్కో జత పక్కన రాయి, రాయి కింద ఆధార్ జిరాక్సు. తొమ్మిదింటికి నర్సమ్మ వచ్చి తాళం తీయగానే అందరికంటే ముందున్న పెద్దాయన అడిగాడు: "ఏదమ్మా ఇవాళ? కొవాగ్జినా, కొవిషీల్డా?" ఆమె తలెత్తకుండానే చెప్పింది: "ఏదొస్తే అదే బాబాయ్. వద్దంటే పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు."

ఆమె తప్పేం లేదు. టీకాలు మొదలవడానికి నాలుగు రోజుల ముందు, జనవరి 12న, కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి రాజేశ్ భూషణ్ చెప్పిందీ అదే: ఫలానాది కావాలని ఎంచుకునే వీల్లేదని. అయితే పై నుంచి కిందకు దిగే ఈ "ఏదొస్తే అదే"కి దాదాపు నూటపాతికేళ్ల వయసుంది. దాన్ని కన్నది బొంబాయి ప్లేగు.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో వీగాస్ ఆ జబ్బును పట్టుకున్నాడు. కొద్ది నెలల్లోనే లక్షల మంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. మన తెలంగాణ వైపు నుంచి వెళ్లి మట్టిపని, రాతిపని చేసుకున్న కమాఠీల పేరు మీద కామాఠీపుర వెలసింది ఆ ఊళ్లోనే. అక్కడ గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు: ఇంతే వాల్డెమార్ హాఫ్కిన్ ప్రయోగశాల. ఒడెస్సాలో పుట్టిన ఈ యూదు శాస్త్రవేత్త అప్పటికే కలకత్తా బస్తీల్లో కలరా టీకా వేసినవాడు. 1897 జనవరి 10న ప్లేగు టీకాను ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ నెలాఖరులో బైకుల్లా జైల్లో ఒప్పుకున్న ఖైదీలకు వేశాడు. ఖైదీ ఒప్పుకోలు ఎంతవరకు ఇష్టమో మనం ఊహించుకోవచ్చు గానీ, అడిగాడన్నది మాత్రం నిజం. బయట కూడా ఆయన పద్ధతి నచ్చజెప్పడమే. ఇరవై ఏళ్లు కూడా నిండని మూడో ఆగాఖాన్ నలుగురి ముందూ సూది వేయించుకుని తన వర్గం ఖోజా ముస్లింలకు ధైర్యం చెప్పాడు.

హాఫ్కిన్ తన ఒంటి మీద సూది పొడుచుకున్న పాతిక రోజులకు, ఫిబ్రవరి 4న, అదే ప్లేగు భయంతో కలకత్తాలో ఒక చట్టం పుట్టింది. అంటురోగాల చట్టం, 1897. నాలుగంటే నాలుగు సెక్షన్లు. సర్కారు ఏ ఆంక్షలైనా పెట్టవచ్చంటుంది రెండోది. మాట వినకపోతే శిక్ష అంటుంది మూడోది. ఈ పని మంచి ఉద్దేశంతో చేసిన అధికారి మీద దావా వేయడం కుదరదంటుంది నాలుగోది. కట్టడిలో ఉన్నవాడికి తిండి ఎవరు పెట్టాలి, పోయిన కూలి ఎవరివ్వాలి అన్న మాట ఒక్కటీ లేదు.

అంటే టీకా, లాక్‌డౌన్ ఒకే గత్తర కడుపున పుట్టిన తోబుట్టువులు. ఒకటి అడిగి వేసేది, ఇంకొకటి అడగకుండా మూసేది. తర్వాత జరిగిన గొడవంతా ఈ రెండో దాని గుణం మొదటి దానికీ అంటుకోవడమేనని నాకనిపిస్తుంది.

పుణెలో ఆ చట్టం ఎలా నడిచిందో అందరికీ తెలిసిందే. ప్లేగు కమిషనర్ రాండ్ సైనికుల్ని ఇళ్లలోకి పంపాడు. వంటిల్లనక, పూజగదనక సోదాలు, బయట నిలబెట్టి ఆడవాళ్ల ఒంటి తనిఖీలు, వీధిలో వేసి తగలబెట్టిన సామాన్లు. రోగుల్ని దాచిపెట్టడం, శవాల్ని గుట్టుగా సాగనంపడం మొదలైంది. 1897 జూన్ 22 రాత్రి విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవం నుంచి వెళ్తున్న రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. తన కేసరి పత్రికలో రాతలకు గాను తిలక్‌కు పద్దెనిమిది నెలల జైలు పడింది. అదే పుణెలో, అంతకు మూడు నెలల ముందు, ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బు సోకి సావిత్రీబాయి ఫూలే కన్నుమూశారు. ఊళ్లు భయపడింది వైద్యానికి కాదు, వైద్యంతో పాటు వచ్చిన బూట్లకు.

ఇక టీకా మీద నమ్మకం చెడింది పంజాబులో. 1902 అక్టోబరు 30న ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేస్తే 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నేరం హాఫ్కిన్ ప్రయోగశాల మీద పడింది. ఆయన్ను సస్పెండ్ చేశారు. సీసా తెరిచేటప్పుడు కింద పడిన పట్టకారును సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడారన్న సంగతి పక్కకు పోయింది. 1907లో గానీ ఆయన మీద మచ్చ తొలగలేదు. అయిదేళ్లు నిజం బయటికి రాకపోతే పుకారు ఎంత దూరం పోతుందో చెప్పనక్కర్లేదు.

మన వైపు ఈ చరిత్ర ఒక్క మాటలో మిగిలింది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతబస్తీ పెద్దవాళ్లు ఇప్పటికీ 'కోరంటి దవాఖాన' అంటారు. కోరంటి అంటే క్వారంటైనే. ఇంగ్లిషు మాట మన నోట్లో నలిగి తెలుగైపోయింది. 2020 మార్చిలో అందరూ దాన్ని కొత్త మాటలా మళ్లీ నేర్చుకున్నారు.

ఆ మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశం బంద్. నాలుగు గంటల వ్యవధి. ఈసారి దేశం మొత్తానికి వాడింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు మాత్రం అప్పటికే 1897 చట్టం కింద నిబంధనలు తెచ్చేశాయి. మర్నాడు ఉగాది. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమంటున్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం పిల్లలు బారులు కట్టారు. తెలంగాణ పోలీసులిచ్చిన పాసు పట్టుకుని వాళ్లు సొంతూరికి బయల్దేరితే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్ర పోలీసులు ఆపేశారు. వస్తే పద్నాలుగు రోజుల క్వారంటైన్, లేదంటే వెనక్కి. ఒక ప్రభుత్వం కాగితం ఇంకో ప్రభుత్వం గేటు దగ్గర చెల్లలేదు. ఉగాది పచ్చడి సంగతి సరే, మంచినీళ్లు దొరికినా పండగే ఆ రోజు.

వేరే రాష్ట్రాల కూలీలకు పాసు కూడా లేదు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు జీతాలివ్వండి, ఊరికి పంపండి అని రోడ్డెక్కాక, మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఏడాది తర్వాత, 2021 మేలో, అదే ఆంధ్ర-తెలంగాణ సరిహద్దులో ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సుల్నే ఆపారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి వదల్లేదు.

టీకా తగువు కూడా ఈ రెండూళ్ల మధ్యే రగిలింది: హైదరాబాద్, పుణె. 2021 జనవరి 3న పుణె సీరం వారి కొవిషీల్డ్‌కు, హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కొవాగ్జిన్‌కు ఒకే రోజు అనుమతి వచ్చింది. కొవాగ్జిన్ మూడో దశ ట్రయల్ ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే దానికి 'క్లినికల్ ట్రయల్ మోడ్' అని, అంటే ట్రయల్‌లో ఉన్నవాళ్లలా గమనిస్తూ వేయాలని, ఒక వింత షరతు తగిలించారు. ఫైజర్, మోడర్నా, ఆక్స్‌ఫర్డ్ తప్ప మిగతావి మంచినీళ్లలా హాని లేనివే అన్న అర్థంలో పుణె నుంచి సీరం అధిపతి అదార్ పూనావాలా ఒక మాట విసిరారు. మర్నాడే భారత్ బయోటెక్ అధిపతి కృష్ణ ఎల్లా విలేకరుల ముందు మండిపడ్డారు. ఆ మర్నాటికి ఇద్దరూ కలిసి రాజీ ప్రకటన ఇచ్చారు. కానీ అప్పటికే మాట జనంలోకి వెళ్లిపోయింది.

జనవరి 16న కొవాగ్జిన్ వేయించుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించుకున్న పత్రంలో దాని సామర్థ్యం ఇంకా తేలలేదనే ఉంది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లే మాకు కొవిషీల్డ్ ఇవ్వండని ఉత్తరం రాశారు. వాళ్లను టీకా వ్యతిరేకులనగలమా? అడిగినవాళ్లందరికీ 'స్వదేశీ' అన్న సమాధానమే ఎదురైంది. అంకెలు తర్వాత వచ్చాయి: మార్చిలో 81 శాతం, జూలైలో తుది లెక్కలో 77.8. టీకా మంచిదే. అంకెల కంటే ముందు సూది రావడమే పేచీ.

ఈలోగా కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం నాలుగు-ఆరు వారాల నుంచి మే నాటికి పన్నెండు-పదహారు వారాలకు సాగింది. శాస్త్రం మారిందా, స్టాకు అయిపోయిందా అని ఇంటింటా అనుమానం. టీకా దొరకని ఆ నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది రోడ్ల మీద నిలబడ్డారు. వాళ్లను మూఢులని తిట్టడం తేలిక. ఆ వారం వాళ్లకు దొరికే వస్తువు అదొక్కటే.

చదువులకు అమెరికా వెళ్లాల్సిన పిల్లలదీ, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లాల్సిన తల్లిదండ్రులదీ మరో బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను గుర్తించింది 2021 నవంబరు 3న. అప్పటిదాకా "ఏది వేయించుకున్నారు?" అన్నది విదేశీ ప్రయాణం ప్రశ్న కూడా.

2022 మే 2న జాకబ్ పులియెల్ అనే పిల్లల డాక్టరు వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు, ఒంటి మీద హక్కు 21వ అధికరణలో భాగమే. ప్రభుత్వ టీకా విధానాన్ని మాత్రం తప్పు పట్టలేదు.

1897 చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. 2020లో దాన్ని సవరించారు, వైద్య సిబ్బంది మీద దాడులకు ఏడేళ్ల దాకా జైలు చేర్చారు. అవసరమే. కట్టడిలో ఉన్నవాడి తిండి, కూలి గురించి అప్పుడు కూడా ఒక్క వాక్యం చేరలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో ఈ చట్టం చాలదని, సవరించడమో కొత్తది తేవడమో చేయాలని చెప్పింది. ఆ బొంబాయి గది పెరిగి హాఫ్కిన్ పేరు మీదే సంస్థ అయింది. 2021 ఏప్రిల్‌లో, మా వీధిలో చెప్పులు బారులు తీరిన ఆ నెలలోనే, ఆ పేరుతో ఉన్న మహారాష్ట్ర ప్రభుత్వ కంపెనీకి కొవాగ్జిన్ తయారు చేయడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది.